తొలి మంట యజమానిదే

సారపాక నుంచి ఫోను వచ్చేసరికి దుర్గ ఒక హోటలువాళ్ల బర్నరు బొక్కల్ని పిన్నుతో పొడుస్తోంది. భద్రాచలం బస్టాండు వెనక సందులో రామ్‌చందర్ నడిపే గ్యాస్ పొయ్యిల రిపేరు షాపు అది. "రాజ్యశ్రీ బేకరీనా? ఓవెన్ల వేడి అదుపుల ఉంటలేదా?" అని రామ్‌చందర్ ఫోనులో అడగడం వినపడి ఆమె చేతిలో పిన్ను ఆగిపోయింది. ఆ పేరు ఆ షాపులో ఎప్పుడు వినపడుతుందా అని మూడేళ్లుగా చెవులు రిక్కించి కూర్చుంది. ఆ బేకరీకి ఎప్పుడూ విజయవాడ నుంచి మెకానిక్కు వచ్చేవాడు. ఈసారి అతను దొరకలేదట. దేవుడు ఉన్నాడో లేడోగానీ, మెకానిక్కులు దొరకని రోజులు మాత్రం ఉంటాయి.

రామ్‌చందర్ ఆ రోజు కొత్తగూడెంలో ఒక హాస్టలు వంటింటికి మాటిచ్చి ఉన్నాడు. ఫోను పెట్టేసి దుర్గ వైపు చాలాసేపు చూశాడు. ఆమె ఎవరి భార్యో ఆయనకు తెలుసు.

"పనికే పోతున్నవ్ గద?" అని అడిగాడు.

"పనికే," అంది దుర్గ.

అది అబద్ధం కాదు. మూడేళ్లుగా ఆమెకున్న పని అదొక్కటే.

దుర్గ మొగుడు సీతయ్యది రేగులగుంపు. సారపాక దాటి షేర్ ఆటోలో పోయి, ఆటో ఆగిపోయిన చోటు నుంచి అడవి దారిన నడిస్తే వచ్చే నలభై ఇళ్ల కోయ గూడెం. సీతయ్య ఆ గూడేనికి వడ్డె. అంటే ఊరి పూజ ఆయన చేతి మీదుగా జరగాలి. చెట్ల కింద ఇప్పపువ్వు రాలడం మొదలయ్యాక, వడ్డె ముందుగా ముత్యాలమ్మకు కొత్త పువ్వు పెడితేగానీ గూడెంలో ఎవరూ దాన్ని నోట్లో వేసుకోరు. ఆ పూజ దాకా వడ్డె ఒంటిపూట తింటాడు, చుక్క ముట్టడు. వ్యవసాయం పని లేని రోజుల్లో సీతయ్య సారపాకలో చెంచురామయ్య నడిపే రాజ్యశ్రీ బేకరీలో ఓవెన్ దగ్గర పనిచేసేవాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. చెప్పిన పని చెప్పినట్టు చేసేవాడు. ఇలాంటివాళ్ల నెత్తినే కదా లోకం అన్నీ పెట్టేది.

మూడేళ్ల కింద, సరిగ్గా ఇప్పపువ్వు రాలే రోజుల్లో, ఆ ఓవెన్ సీతయ్య ముఖం మీద పేలింది. కనుబొమలు కాలిపోయాయి, రెండు చేతులూ మణికట్టు దాకా ఉడికిపోయాయి. దవాఖానాలో నలభై రోజులు ఉండి బయటికొచ్చేసరికి వేళ్లు వంకర తిరిగి గట్టిపడ్డాయి. ముద్ద కలపాలంటే ఇప్పటికీ దుర్గే కలపాలి. చెంచురామయ్య దవాఖానాకు రాలేదు. ఆయన చేసిన పని వేరే ఉంది. వచ్చిన పోలీసులతో, పనివాడు తాగి ఓవెన్ దగ్గరికి వెళ్లాడని చెప్పాడు. పక్కన పనిచేసే జంపక్కను పిలిచి, వాసన వచ్చిందా లేదా చెప్పమన్నాడు. జంపక్కది కూడా రేగులగుంపే. ఆమె బెదిరిపోయి, వచ్చింది, ఇప్ప వాసన వచ్చింది అంది. ఇక రాసుకునేవాళ్లు రాసుకున్నారు.

ఆ మాట సీతయ్య కంటే ముందు గూడెం చేరింది. నియమంలో ఉన్న వడ్డె ఇప్పసారా తాగాడట. ఆ ఏడు గాలివాన వచ్చి ఇప్పపువ్వంతా మట్టిపాలైంది. నిప్పు లేనిదే పొగ రాదన్నారు పెద్దలు. పూజ ఇంకొకరికి అప్పగించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని ఒక పెద్దమనిషి సామెత కూడా చెప్పాడు. చెప్పినవాడికి చేతులు బాగానే ఉన్నాయి. అప్పటినుంచి సీతయ్య ఇంటి వెనక దడి దాటి ముందుకు రాలేదు. ఊరిలోకి పోతే పిల్లలు కూడా తనను తాగుబోతుగానే చూస్తారని ఆయన భయం. చేతులు పోయినందుకు ఏడవని మనిషి, పేరు పోయినందుకు మంచాన పడ్డాడు.

ఒక్క మాట మాత్రం దుర్గతో చెప్పాడు. ఓవెన్ నాబుకు సారు ఇనుప తీగ కట్టించాడని, మంట ఊరికే ఆరిపోయి బన్నులు ఆలస్యమవుతున్నాయని అలా చేశాడని. దుర్గ ఆ మాట పోలీసులకు చెప్పింది. వాళ్లు వెళ్లి చూసేసరికి తీగ లేదు. తీగ కడితే ఏమవుతుందో ఆమెకు తెలియదు, వాళ్లకూ తెలియదు. అది అడగడానికే రామ్‌చందర్ షాపుకు వచ్చింది. అడగడానికి వచ్చి అక్కడే ఉండిపోయింది. మొదట బర్నర్లు తోమింది, తర్వాత పైపులు బిగించింది, ఆ తర్వాత ఓవెన్లు విప్పింది. మూడేళ్లలో ఆ చుట్టుపక్కల ఆమెను మించిన చెయ్యి లేదని రామ్‌చందరే చెప్పుకునే స్థితి వచ్చింది. కసి కన్నా మంచి పంతులు ఇంకొకరు లేరు.

గ్యాస్ ఓవెన్‌లో ఇద్దరు కాపలావాళ్లు ఉంటారని ఆమె అక్కడే నేర్చుకుంది. ఒకటి థర్మోస్టాట్. సన్నని రాగి గొట్టం, దాని కొసన చిటికెన వేలంత బల్బు. ఓవెన్ వేడెక్కితే బల్బులో ద్రవం ఉబ్బి గ్యాసును తగ్గిస్తుంది, చల్లబడితే మళ్లీ వదులుతుంది. పిసినారి అత్త కోడలికి నూనె కొలిచి పోసినట్టు, ఎంత కావాలో అంతే పోస్తుంది. కానీ దానికి తెలిసింది వేడి ఒక్కటే, మంట ఉందో లేదో దానికి తెలియదు. మంట ఆరిపోయి ఓవెన్ చల్లబడినా, అయ్యో చల్లబడిందే అని ఇంకా ఎక్కువ గ్యాసు వదులుతుంది. అందుకే రెండో కాపలా పెట్టారు. మంటలో ముక్కు పెట్టి నిలబడే చిన్న కడ్డీ అది. మంట లేకపోతే గ్యాసును మొత్తం కట్టేస్తుంది. ఈ కడ్డీ పాతబడితే మంట ఉన్నా కట్టేస్తూ ఉంటుంది. అప్పుడు కొత్త కడ్డీ వేయించాలి. చెంచురామయ్య కొత్తది వేయించలేదు. నాబు నొక్కి పెట్టి తీగ చుట్టించాడు. అంటే రెండో కాపలావాడి చేతులు కట్టేశాడు. ఆ రోజు మంట ఆరిపోయింది, ఓవెన్ చల్లబడింది, థర్మోస్టాట్ నమ్మకంగా గ్యాసు పోస్తూనే ఉంది. గది నిండా నానబోసిన ఇప్పపువ్వు ఘాటు. ఆ ఘాటులో గ్యాసు వాసన ఎవరికి తెలుస్తుంది? బిస్కెట్లు పచ్చిగా ఉన్నాయని సీతయ్య తలుపు తీసి లైటర్ నొక్కాడు.

ఇదంతా తెలిసిన రోజున దుర్గ ఏడవలేదు. చెంచురామయ్య కూడా అలాగే ముట్టించాలి అనుకుంది. అది ఎలా జరగాలో కూడా ఆమెకు తెలుసు. ఆ బేకరీలో ఒక ఆచారం ఉందని సీతయ్య ఎప్పుడో చెప్పాడు. ఓవెన్‌కు ఏ రిపేరు జరిగినా, కొబ్బరికాయ కొట్టి తొలి మంట యజమాని చేత్తోనే ముట్టించాలి. చెంచురామయ్య తండ్రి కృష్ణా వైపు నుంచి వచ్చి ఆ కొట్టు పెట్టినప్పటి నుంచి ఉన్న సెంటిమెంటు అది. ఆయన దాన్ని ఎంత గొప్పగా చెప్పుకునేవాడంటే, తొలి మంట తనది, తర్వాతి కష్టం తన పనివాళ్లది అని కౌంటరు దగ్గర కొనేవాళ్లతో కూడా అనేవాడు. మూడేళ్లూ దుర్గ రోజూ పడుకోబోయే ముందు ఆ మంటను తలుచుకునేది. వేరేవాళ్లు దేవుణ్ణి తలుచుకుంటారు.

గోదావరి వంతెన దాటి ఆటో దిగేసరికి పొద్దు పది. చెంచురామయ్య కౌంటరు దగ్గర ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి, ఇస్త్రీ తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. ఖాకీ చొక్కాలో దుర్గను చూసి, లేడీ మెకానిక్కా అని నవ్వి, రామ్‌చందర్‌కు మగాళ్లు దొరకలేదేమో అన్నాడు. ఆమె ఎవరో ఆయనకు తెలియదు. తను చెయ్యి కాల్చినవాడి ఇంటివాళ్ల ముఖాలు గుర్తుపెట్టుకునే అలవాటు పెద్దవాళ్లకు ఉండదు. శ్రీరామనవమి నాలుగు రోజుల్లో ఉందని, భద్రాచలం జనం అంతా ఇప్పపువ్వు బిస్కెట్ల కోసం వస్తారని, సాయంత్రానికల్లా ఓవెన్ నడవాలని చెప్పాడు.

లోపల ఏడుగురు పనివాళ్లు ఉన్నారు. జల్లెడ పడుతున్న జంపక్క తలెత్తి చూసి ఆగిపోయింది. దుర్గ ఆమెను చూసీ చూడనట్టు ఓవెన్ ముందు కూర్చుంది. ఎదురుగా నాబు. నాబు చుట్టూ ఇనుప తీగ, కొత్తది, ఇంకా తుప్పు కూడా పట్టలేదు. పక్కనున్న పనివాడొకడు దాన్ని మాత్రం ముట్టుకోవద్దని సారు చెప్పాడన్నాడు. అదే ఓవెన్, అదే నాబు, అదే కట్టు. ఒక మనిషి చేతులు పోతే ఆ కొట్టులో మారింది తీగ ఒక్కటే. దుర్గకు కళ్లు మసకబారాయి. చెంచురామయ్య మీద జాలి లాంటిది ఏ మూలనైనా మిగిలి ఉంటే అది ఆ క్షణంలో ఆవిరైపోయింది.

అసలు రిపేరు రెండు నిమిషాల పని. బల్బు తన క్లిప్పులోంచి జారి తలుపు దగ్గర చల్లటి చోట పడి ఉంది. అందుకే ఓవెన్‌కు ఎప్పుడూ చలిగానే అనిపించి బన్నులు మాడుతున్నాయి. దాన్ని దాని చోట బిగించింది. తర్వాత చేసినది రిపేరు కాదు. వేడి సరిపోయాక కూడా చిన్న మంట ఒకటి మిగలాలి, ఆ చిన్న మంటకు ఒక స్క్రూ ఉంటుంది. దుర్గ ఆ స్క్రూను పావు చుట్టు తిప్పింది. ఇప్పుడు ఆ చిన్న మంట నిలవదు. తను తిప్పింది పావు చుట్టే, మిగతాదంతా చెంచురామయ్య ముందే కట్టి పెట్టాడు. చెయ్యి వణుకుతుందేమో అనుకుంది, వణకలేదు.

అందరూ చూస్తుండగానే ఓవెన్ ముట్టించి చూపించింది. రెండు వందల డిగ్రీలకు తిప్పింది. మంట ఎగసి, కాసేపటికి వేడి సరిపోయి, చిన్నదై, నీలం పూసంతై ఆరిపోయింది. అది ఆరడం దుర్గ తప్ప ఎవరూ చూడలేదు. నాబును అలాగే వదిలేసి, తలుపు మూసి లేచి నిలబడింది.

"అయిపోయింది సారూ. ఆపేసిన. పూజ చేసుకొని తొలి మంట మీరే ముట్టియ్యుండ్రి."

చెంచురామయ్య తొందరపడే మనిషి కాదు. కాళ్లు కడుక్కొచ్చాడు. ఓవెన్‌కు పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు, కొబ్బరికాయ కొట్టి రెండు చెక్కలూ అటూ ఇటూ పెట్టాడు. కొట్టుకు బరకత్తు రావాలని ఏదో గొణుక్కున్నాడు. ఈ తతంగం అంతా పావుగంట పట్టింది. పావుగంటలో ఓవెన్ చల్లబడుతూ వచ్చింది. గది మూలన గంగాళంలో ఇప్పపువ్వు నానుతోంది, దాని ఘాటు గదంతా నిండి ఉంది. లోపల థర్మోస్టాట్ తెరుచుకున్న చప్పుడు దుర్గకు మాత్రమే వినిపించింది. దాని వెనకే బుసలాంటి సన్నటి శబ్దం. మూడేళ్లుగా ఆమె తలుచుకున్న శబ్దం అదే.

చెంచురామయ్య లైటర్ చేతిలోకి తీసుకున్నాడు. వంగబోయి, నాబు వైపు చూసి ఆగాడు. తీగను చూశాడు. ఒక్క క్షణమే. తర్వాత నిటారుగా నిలబడి, లైటర్ జంపక్క చేతిలో పెట్టాడు.

"నువ్వు ముట్టించమ్మా. నీ చెయ్యి మంచిది."

ఆయనకు తెలుసు. దుర్గకు ఆ ఒక్క చూపుతో అర్థమైపోయింది. మూడేళ్లుగా ఆమె ఆయన్ను పిసినారి అనుకుంది, మూర్ఖుడు అనుకుంది, బన్నుల కోసం తెలియక తీగ కట్టినవాడు అనుకుంది. కాదు. తీగ కడితే ఏమవుతుందో తెలిసే కట్టాడు. తొలి మంట తనదని ఊరందరికీ చెప్పుకునే మనిషి, తీగ ఉన్న రోజున మాత్రం మంచి చెయ్యి ఇంకొకరిదంటాడు. ఆ రోజు సీతయ్య చెయ్యి కూడా మంచిదే అయి ఉంటుంది.

జంపక్క ఓవెన్ ముందు వంగింది. దుర్గ కదలలేదు. ఇక్కడ దుర్గను వెనకేసుకొచ్చి లాభం లేదు. అప్పుడు ఆమె మనసులో ఏముందో అదే చెప్పాలి. వాసన వచ్చిందన్నది ఈ నోరే కదా అనుకుంది. ఈ నోటి మాట వల్లే కదా నా మొగుడు దడి వెనక కూర్చున్నాడు, వాడు కాకపోతే ఇది, కానియ్ అనుకుంది. ఒకటి అని లెక్కపెట్టింది. రెండు. జంపక్క చీర కుచ్చెళ్లు ఎత్తి దోపింది. మూడు. నాలుగు. తలుపు పిడి పట్టుకుంది. ఐదు.

ఆరు దగ్గర జంపక్క వెనక్కి తిరిగింది.

"దుర్గా, ముట్టియ్యనా?"

మూడేళ్లలో ఆమె దుర్గతో మాట్లాడిన మొదటి మాట అది. మెకానిక్కును నమ్మి అడిగిన మాట. దుర్గ ఒక్క అంగలో వెళ్లి లైటర్ లాక్కుంది. గోడకున్న గ్యాస్ వాల్వు మూసేసి, ఓవెన్ తలుపు బార్లా తెరిచి, అందరినీ వెనక పెరట్లోకి నడవమంది. ఫ్యాన్ స్విచ్ గానీ లైట్ స్విచ్ గానీ ఎవరూ ముట్టుకోవద్దంది. తను గోనెసంచితో గ్యాసును కిటికీల వైపు విసిరి బయటికొచ్చింది. ట్రేలు కడిగే పెరట్లో అందరూ ఇరవై నిమిషాలు నిలబడ్డారు. ఏం జరిగిందో సగం మందికి అర్థం కాలేదు. చెంచురామయ్యకు అర్థమైంది. ఆయన తెల్ల చొక్కా వీపు మీద అతుక్కుపోయింది.

గాలంతా ఆడిందని చూసుకున్నాక దుర్గ అందరినీ మళ్లీ లోపలికి పిలిచింది. గోడ వాల్వు మూసే ఉంది, అది ఆమెకు తెలుసు. కావాలనే ఎవరికీ చెప్పలేదు. లైటర్ తెచ్చి చెంచురామయ్య ముందు పెట్టింది.

"ఇప్పుడు ముట్టియ్యుండ్రి సారూ."

జంపక్క ముట్టిస్తుందన్నాడాయన. కుదరదంది. పోనీ నువ్వే ముట్టించు, మెకానిక్కువి కదా అన్నాడు. తన ఆచారం తనే తప్పితే నవమి వ్యాపారం ఏమవుతుందని అడిగింది. అయితే ముందు ఆ తీగ తీసేయమన్నాడు. పనివాళ్లందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"తీగ ఉంటే ఏమైతది?" అని అడిగింది దుర్గ.

ఏం కాదు, ఎందుకైనా మంచిదని చెప్పానన్నాడు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో ఎవరైనా చూడాలనుకుంటే ఆ పూట రాజ్యశ్రీ బేకరీకి వచ్చి ఉండాల్సింది.

"మూడేళ్ల కింద గూడ గిట్లనే తీగ ఉండె గద," అంది దుర్గ. గొంతు పెంచలేదు. "అప్పుడు సీతయ్య ముట్టించిండు. ఆయనకు తాగినందుకు గట్లయింది. మీరు తాగలే గద సారూ. ముట్టియ్యుండ్రి."

చెంచురామయ్య లైటర్ వైపు చూశాడు, ఓవెన్ వైపు చూశాడు. ఇంతకీ నువ్వెవరు అన్నాడు. ఆమె సీతయ్య పెళ్లామని జంపక్క చెప్పింది. అప్పుడు ఆయన ముఖం చూడాలి. దుర్గ ఆ ముఖాన్ని కళ్లారా చూసింది. చూస్తూ, లైటర్ ఎత్తి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్లు మూసింది. ఆ వేళ్లు ఎంత తేలిగ్గా మూసుకున్నాయో ఆమె గమనించింది. లోపలంతా భగ్గుమంది.

"తాగనోనికి ఏం కాదని మీరే రాపిచ్చిన్రు గద. వంగుండ్రి."

ఆయన చేతిలోంచి లైటర్ జారి కింద పడింది.

"ఆ తీగుంటే గ్యాస్ ఆగదే. ముట్టిస్తే చేతులు కాలిపోతాయే," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెతలో విన్నాం. చెంచురామయ్య భుజాలతో ఆగలేదు, గుమ్మడికాయ తెచ్చి నట్టింట పెట్టాడు. ఏడుగురు పనివాళ్లూ విన్నారు. తర్వాత ఆయన ఎంత సర్దుకున్నా, నువ్వేదో చేశావని దుర్గ మీద ఎంత అరిచినా, ఆ మాట వెనక్కి పోలేదు.

"చేసిన," అంది దుర్గ. "మీరు కట్టిన తీగ ముందట మిమ్మల్నే నిలవెట్టిన."

జంపక్క నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పేసింది. ఆమె మాట్లాడుతుందని ఎవరూ అనుకోలేదు.

"నేను సారా అనలే సారూ. ఇప్ప వాసన అన్న. ఆ రోజు పొద్దట్నుంచి ఇప్పపువ్వు రుబ్బింది సీతయ్యే. బట్టలకంత అదే వాసన. నేనన్నదొకటి, మీరు రాపిచ్చింది ఇంకొకటి. గది తెలిసి గూడ మూడేండ్లు నోరు మూసుకున్న."

ఆమె గుడ్డ మడిచి పిండి బల్ల మీద పెట్టి బయటికి నడిచింది. మిగతా ఆరుగురూ చేతులు కడుక్కున్నారు. నవమికి నాలుగు రోజుల ముందు ఆ ఓవెన్ దగ్గర నిలబడ్డ మనిషి చెంచురామయ్య ఒక్కడే. దుర్గ తీగ తెంపి జేబులో వేసుకుంది. స్క్రూను మళ్లీ పావు చుట్టు వెనక్కి తిప్పింది. కడ్డీ మార్చేదాకా ఆ ఓవెన్ వెలగదని, మార్చడానికి ఎవరిని పిలిచినా తొలి మంట మాత్రం యజమానినే ముట్టించమంటారని ఆయనకు చెప్పింది. ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. భద్రాచలం నుంచి పాల్వంచ దాకా గ్యాస్ పని చేసేవాళ్లంతా రామ్‌చందర్‌కు తెలిసినవాళ్లే.

ఆటోలో జంపక్క, దుర్గ పక్కపక్కనే కూర్చున్నారు. దారంతా జంపక్క ఏడుస్తూనే ఉంది. దుర్గ ఊరుకోమని అనలేదు. క్షమించడం అంత చవగ్గా దొరకకూడదని ఆమె అభిప్రాయం. కానీ అడవి దారిలోకి వచ్చాక, జంపక్క తట్టుకుని పడబోతే చెయ్యి పట్టుకుంది.

రేగులగుంపులో పెద్దలు మర్నాటి కొత్త పువ్వు పూజ కోసం కూర్చుని ఉన్నారు. జంపక్క ఇంటికి కూడా పోకుండా తిన్నగా అక్కడికి వెళ్లింది. సీతయ్య తాగలేదని, తీగ కట్టింది సారని, సారు తన నోటితోనే ఒప్పుకున్నాడని, ఏడుగురు విన్నారని చెప్పింది. తను అన్నది ఇప్ప వాసన అని, సారా అని కాదని మూడుసార్లు చెప్పింది. ఆకులు పట్టుకునే సామెత చెప్పిన పెద్దమనిషి అందరికంటే ముందు లేచాడు. అందరూ కలిసి సీతయ్య ఇంటి వెనక్కి వెళ్లారు, మూడేళ్లలో మొదటిసారి. రేపు పూజ నీదే అన్నారు. సీతయ్య తల ఊపాడు. కళ్లు తుడుచుకోబోతే వంకర వేళ్లకు అందక మోచేత్తో తుడుచుకున్నాడు.

వాళ్లంతా వెళ్లాక దుర్గ ఆయన పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పింది. మొగుడి దగ్గర దాచడం ఆమెకు చేతకాదు. స్క్రూ తిప్పిన సంగతి చెప్పింది. చెంచురామయ్య చొక్కా తడిసిపోయిన సంగతి చెప్పేటప్పుడు గొంతులో సంతోషం కూడా దాచలేదు. సీతయ్య మొత్తం విన్నాడు. నవ్వుతాడనుకుంది.

"జంపక్క చేతిల లైటర్ పెట్టినంక," అని ఆగాడు. "నువ్వెంతసేపు ఊకున్నవ్?"

దుర్గకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"ఆరు లెక్కపెట్టిన."

సీతయ్య తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటి వైపు చూశాడు.

"నాకివి కాలనీకె ఒకటి గూడ పట్టలే," అన్నాడు.

దుర్గ లేచి అన్నం పెట్టుకొచ్చి, రోజూ లాగే ముద్ద కలిపింది. చెంచురామయ్య మీద ఆమె కసి చల్లారలేదు, చల్లారాలని ఆమె కోరుకోనూ లేదు. కానీ ముద్ద ఆయన నోటి దగ్గర పెట్టేటప్పుడు, పొద్దున స్క్రూ మీద వణకని ఆ చెయ్యి ఇప్పుడు వణికింది.